సిమ్యులేటర్‌లో యుద్ధవిమానం: రీపెయింట్ దగ్గర్నుంచి సొంత మోడల్ దాకా ఎలా చేయాలి

కంప్యూటర్ సిమ్యులేటర్‌లో ఉన్న యుద్ధవిమానానికి కొత్త రంగులు వేయాలన్నా (దీన్నే రీపెయింట్ అంటారు), సొంతంగా మోడల్ కట్టాలన్నా, ఫొటోషాప్ తెరవకముందే ఒక విషయం తేల్చుకోండి. "స్పిట్‌ఫైర్ వేస్తాను" అనుకుంటే సరిపోదు, ఏ సీరియల్ నంబరున్న స్పిట్‌ఫైరో, అది ఏ నెలలో ఎలా ఉండేదో అనుకోవాలి. యుద్ధవిమానాల గుర్తులు చాలా తొందరగా మారిపోతుంటాయి. బ్రిటిష్ వైమానిక దళం స్పిట్‌ఫైర్ మార్క్ 9నే చూడండి. పైన ఓషన్ గ్రే, డార్క్ గ్రీన్, కింద మీడియం సీ గ్రే, తోక ముందు లేత ఆకుపచ్చ కలిసిన స్కై రంగు పట్టీ, అదే రంగులో స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే మొనదేలిన మూత), ఇదీ 1941 ఆగస్టు నుంచి నడిచిన పద్ధతి. 1944 జూన్ మొదటి వారంలో నార్మండీ దాడి కోసం దాని మీద నలుపు తెలుపు చారలు వచ్చాయి. జూలై నుంచి పైభాగం చారలు తీసేయడం మొదలైంది, ఆ ఏడాది చివరికి మిగిలినవీ పోయాయి. 1945 జనవరిలో యూరప్‌లో ఉన్న సెకండ్ టాక్టికల్ ఎయిర్ ఫోర్స్ విమానాలకు స్కై పట్టీ తీసేసి, స్పిన్నర్‌కు నల్ల రంగు వేశారు. అంటే నల్ల స్పిన్నర్‌తో పాటు రెక్కల పైన, కింద నిండా చారలు వేశారంటే ఈ పద్ధతుల ప్రకారం అలాంటి విమానం ఉండకూడదన్నమాట, మీ పని ఎంత నీట్‌గా ఉన్నా తెలిసినవాడు రెండు సెకన్లలో పట్టేస్తాడు.

అందుకే ముందు ఒక ఫొటో పట్టుకోండి. ఒకటి కాదు, వీలైతే అదే విమానం రెండు పక్కల నుంచి తీసినవి. కళాకారులు గీసిన కలర్ ప్రొఫైళ్లు అందంగా ఉంటాయి కానీ చాలావరకు ఒక పక్క ఫొటో చూసి రెండో పక్క ఊహించి గీసినవే, కాబట్టి వాటిని రెండో సాక్ష్యంగానే వాడండి. మ్యూజియంలో ఉన్న విమానం ఫొటోలు ఆకారానికి, రివెట్ల వరసకు, హాచ్‌లు ఎక్కడున్నాయో చూడటానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి, రంగుకు మాత్రం వాటిని నమ్మొద్దు, ఎందుకంటే చాలా వాటికి తర్వాతెప్పుడో మళ్లీ పెయింట్ వేసి ఉంటారు.

ఇంకో మాట, మోడల్ కట్టాలని ఎంత ఉబలాటంగా ఉన్నా ముందు ఒకటి రెండు రీపెయింట్లు చేయండి. వేరేవాళ్లు విమానాన్ని ముక్కలుగా ఎలా విప్పి టెక్స్చర్ (మోడల్ మీద చుట్టే బొమ్మ) మీద పరిచారో చేతికి అలవాటైతే, రేపు మీ మోడల్‌కు యూవీ (ఏ ముక్క ఆ బొమ్మలో ఎక్కడ పడాలో చెప్పే అమరిక) పరిచేటప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

ఫోల్డర్లు, ఫైళ్లు

ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్‌లో పని సులువు. విమానం ఫోల్డర్‌లో లివరీస్ అనే ఫోల్డర్ ఉంటుంది (లివరీ అంటే విమానం మీది రంగులు, గుర్తులు), అందులో మీ పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచి, దాని లోపల ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ పెట్టి, అసలు టెక్స్చర్ పేరే పెట్టిన మీ ఫైలు అందులో వేస్తే చాలు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా సిమ్ పాత పెయింటే చూపిస్తుంది. ఒకే పేరుతో పీఎన్‌జీ, డీడీఎస్ అనే రెండు రకాల బొమ్మ ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో ఉంటే ఎక్స్-ప్లేన్ డీడీఎస్‌నే తీసుకుంటుంది, కాబట్టి మీరు పీఎన్‌జీ ఎన్నిసార్లు మార్చినా తెరమీద ఏమీ మారడం లేదంటే ముందు పాత డీడీఎస్ పక్కనే పడి ఉందేమో చూడండి.

డీసీఎస్ అనే యుద్ధవిమానాల సిమ్యులేటర్‌లో మీ లివరీలు సేవ్డ్ గేమ్స్ కింద డీసీఎస్ ఫోల్డర్‌లో లివరీస్ అనే చోట, ఆ విమానం పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పెట్టాలి. గేమ్ ఇన్‌స్టాల్ అయిన చోట పెట్టకండి, అప్‌డేట్ వచ్చినప్పుడో రిపేర్ చేసినప్పుడో మీ ఫైళ్లు పోయే అవకాశం ఉంది. ప్రతి లివరీకి డిస్క్రిప్షన్ అనే లువా ఫైలు ఉంటుంది. అందులో ఒక్కో వరసలో నాలుగు సంగతులుంటాయి: మోడల్‌లో ఆ మెటీరియల్ పేరు, అది ఏ రకం టెక్స్చరో చెప్పే అంకె, మీ ఫైలు పేరు, చివర ట్రూ లేదా ఫాల్స్. 0 అంటే రంగు, 1 అంటే నార్మల్ మ్యాప్ (ఉపరితలం మీద ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపించే ఫైలు), 13 అంటే గరుకుదనం, లోహగుణం చెప్పే రఫ్‌మెట్ ఫైలు. చివర ఫాల్స్ అని రాస్తే మీ ఫోల్డర్‌లో వెతుకుతుంది, ట్రూ అని రాస్తే గేమ్ సొంత ఫైళ్లలో వెతుకుతుంది. ఒక్క కామా మరిచిపోతే మొత్తం ఫైలే చదవదు, అందుకని ఖాళీ ఫైలులో మొదటి నుంచి టైప్ చేయకుండా పనిచేస్తున్న ఒక లివరీ ఫైలును కాపీ చేసుకుని మార్చుకోండి. దేశాల పేర్లు రాసే వరస ఒకటి ఉంటుంది, దాన్ని ఉంచితే ఆ దేశాల విమానాలకే మీ లివరీ కనిపిస్తుంది, తీసేస్తే అందరికీ కనిపిస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో బయటి నుంచి తెచ్చినవి కమ్యూనిటీ అనే ఫోల్డర్‌లో పెడతారు. అక్కడ ఇబ్బంది పెట్టేది లేఅవుట్ అనే జేసన్ ఫైలు. ప్యాకేజీలో ఉన్న ప్రతి ఫైలు పేరు, సైజు అందులో ఉండాలి, లేకపోతే సిమ్ దృష్టిలో ఆ ఫైలు లేనట్టే. లేఅవుట్ జనరేటర్ అనే చిన్న ఉచిత టూల్ మీద ఆ ఫైలును లాగి వదిలితే అదే మళ్లీ రాసిపెడుతుంది, ఏ ఫైలు కలిపినా తీసినా ఈ పని చేయడం అలవాటు చేసుకోండి.

టెక్స్చర్ షీట్ చదవడం

మోడల్ చేసినవాళ్లు పెయింట్ కిట్ ఇచ్చి ఉంటే మీ అదృష్టం, అందులో ప్యానెల్ లైన్లు, రివెట్లు, నీడలు విడివిడి లేయర్లుగా ఉంటాయి. లేకపోతే అసలు టెక్స్చర్‌ను కింద లేయర్‌గా పెట్టుకుని దానిపైన గీసుకోవాలి. ఏదైనా సరే మొదటి రోజు రంగు జోలికి వెళ్లకండి. షీట్ అంతా చిన్న చిన్న గళ్లుగా చేసి ప్రతి గడిలో ఒక నంబరు రాసి సిమ్‌లో పెట్టి విమానం చుట్టూ తిరిగి చూడండి. ఏ ముక్క ఎక్కడుందో, ఏది తలకిందులుగా ఉందో, ఎక్కడ అతుకు పడుతుందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ముఖ్యంగా ఎడమ, కుడి పక్కలు రెండూ ఒకే ముక్కను పంచుకుంటున్నాయా అన్నది చూడండి. పంచుకుంటుంటే ఒక పక్క రాసిన అక్షరాలు రెండో పక్క అద్దంలో చూసినట్టు తిరగబడతాయి, అలాంటి మోడల్ మీద స్క్వాడ్రన్ కోడ్ అక్షరాలు సరిగ్గా పడవు. అప్పుడు వేరే మోడల్ వెతుక్కోవడమే మంచిది, ఎందుకంటే ఆ విమానానికి రెండు పక్కల అక్షరాలే ప్రాణం.

కొలతలు కంటితో వేయొద్దు. బ్లెండర్ అనే త్రీడీ టూల్‌లో గానీ, తెలిసిన ఒక భాగాన్ని షీట్ మీద కొలిచి గానీ మీటరుకు ఎన్ని పిక్సెళ్లు వస్తున్నాయో ముందు లెక్క కట్టండి. మీటరుకు 400 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం. నార్మండీ చారలు ఒంటి ఇంజన్ విమానాలకు ఒక్కోటి 18 అంగుళాల వెడల్పు, అంటే 45.7 సెంటీమీటర్లు, మన షీట్ మీద 183 పిక్సెళ్లు. మూడు తెలుపు, రెండు నలుపు, మొత్తం ఐదు చారలకు 914 పిక్సెళ్లు. జంట ఇంజన్ల విమానాలకైతే ఒక్కో చార 24 అంగుళాలు. స్పిట్‌ఫైర్ సీరియల్ నంబరు అక్షరాల ఎత్తు 8 అంగుళాలు, అంటే 81 పిక్సెళ్లు. బాడీ పక్కనున్న వృత్తాకారపు దేశ గుర్తు, అంటే రౌండెల్, అడ్డుకొలత 36 అంగుళాలు, అంటే 366 పిక్సెళ్లు. ఈ మూడూ సరిగ్గా కుదిరితే మిగతా అక్షరాలు ఫొటో చూసి వాటి పక్కన పోల్చి పెట్టుకోవచ్చు.

చారల అంచులు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు వేయకండి. ఆ పని దాడికి ముందు ఒకటి రెండు రోజుల్లో, చాలాచోట్ల చేతి బ్రష్షులతో హడావుడిగా జరిగింది. ఫొటోలు దగ్గరగా చూస్తే అంచు వంకరగా పోతుంది, తెలుపు కింద నుంచి పాత రంగు కనిపిస్తుంది, సీరియల్ నంబరు చుట్టూ చిన్న పెట్టెలా పాత రంగు వదిలేసి ఉంటుంది. ఆ చిన్న పెట్టె వేయడానికి పావుగంట పడుతుందేమో గానీ, దాన్ని చూసిన మరుక్షణం ఆ విమానం నిజంగా ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో నిలబడినట్టు అనిపిస్తుంది.

రంగు, దానితో పాటు మెరుపు

రంగు దగ్గర అందరూ కష్టపడతారు, మెరుపు దగ్గర చాలామంది వదిలేస్తారు. ఇప్పటి సిమ్‌లలో మెరుపు ఫైలే సగం పని చేస్తుంది. అమెరికన్ విమానాలు వేసేవాళ్లకు దీనికి ఒక మంచి దారి ఉంది. వాళ్ల ఫెడరల్ స్టాండర్డ్ రంగు నంబర్లు ఐదంకెలవి, అందులో మొదటి అంకె మెరుపు చెబుతుంది: 1 అంటే నిగనిగ, 2 అంటే సగం మెరుపు, 3 అంటే మ్యాట్. రెండో అంకె రంగు జాతి, 4 ఆకుపచ్చలు, 5 నీలాలు, 6 బూడిద రంగులు. ఎఫ్-16 మీద కనిపించే 36118, 36270, 36375 మూడూ 3తో మొదలయ్యాయి కాబట్టి మూడూ మ్యాట్ బూడిదలే. బ్రిటిష్ రంగులకు బీఎస్ 381సీ నంబర్లు ఉంటాయి, మీడియం సీ గ్రే 637 అలాంటిదే, కానీ వాటిలో మెరుపు సంగతి ఉండదు, ఫొటో చూసి మీరే నిర్ణయించుకోవాలి.

ఈ నంబర్లకు నెట్‌లో దొరికే ఆర్‌జీబీ విలువలు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటాయి. ఒకటి తీసుకోండి, సిమ్‌లో మధ్యాహ్నపు ఎండలో, మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం, ఇలా మూడు వెలుతుర్లలో చూసి సర్దుకోండి. పూర్తి నలుపు, పూర్తి తెలుపు ఎక్కడా వాడకండి, 0 నుంచి 255 దాకా ఉండే ఆర్‌జీబీ విలువల్లో నలుపు 30 దగ్గర, తెలుపు 240 దగ్గర ఆగిపోతే ఎండలో రంగు సహజంగా ఉంటుంది. రంగు షీట్ మీద నీడలు కూడా గీసేయకండి, నీడ వేసే పని సిమ్‌ది, మీరూ వేస్తే మధ్యాహ్నం కూడా మురికి పట్టినట్టు ఉంటుంది.

మెరుపు ఫైలులో ఒక గందరగోళం ఉంది, జాగ్రత్తగా వినండి. డీసీఎస్ రఫ్‌మెట్‌లో ఎరుపు ఛానెల్ మూలల నీడలకు, ఆకుపచ్చ ఛానెల్ గరుకుదనానికి, నీలం ఛానెల్ లోహగుణానికి. మైక్రోసాఫ్ట్ సిమ్‌లోనూ వరస ఇదే. వీటిలో ఆకుపచ్చ ఛానెల్ తెల్లగా ఉంటే ఉపరితలం గరుకు, నల్లగా ఉంటే నున్నన. ఎక్స్-ప్లేన్‌లో అయితే ఎరుపు, ఆకుపచ్చ రెండూ నార్మల్ మ్యాప్‌కే పోతాయి, మోడల్‌లో మెటల్‌నెస్ ఆన్ చేసి ఉంటే నీలం లోహగుణం చెబుతుంది, ఆల్ఫా అనే నాలుగో ఛానెల్ మెరుపు చెబుతుంది, ఇక్కడ తెలుపు అంటే నిగనిగ. అంటే ఆ రెండు సిమ్‌ల కోసం చేసిన ఫైలు ఎక్స్-ప్లేన్‌లోకి తీసుకెళ్లేటప్పుడు గరుకుదనం ఛానెల్‌ను తిరగేసి ఆల్ఫాలో పెట్టాలి, లేకపోతే మ్యాట్ పెయింట్ వేసిన ఫైటర్ షోరూం కారులా మెరిసిపోతుంది.

లోహగుణం ఎక్కడ వాడాలో కూడా ఆలోచించండి. కింద అల్యూమినియం ఉన్నా పైన పెయింట్ ఉందంటే లోహగుణం సున్నానే. పెయింట్ చెక్కు లేచిన చోట మాత్రమే పూర్తిగా పెంచండి. పీ-51 మస్టాంగ్ దీనికి మంచి ఉదాహరణ. చాలావాటిలో బాడీ అంతా రంగు వేయని లోహం, రెక్కల ముందు భాగం మాత్రం గాలి నున్నగా జారడం కోసం రివెట్లు, అతుకులు పుట్టీతో పూడ్చి వెండి రంగు పెయింట్ వేశారు. దూరం నుంచి రెండూ ఒకేలా వెండిగా కనిపిస్తాయి, కానీ ఎండ పడినప్పుడు బాడీ ఆకాశాన్ని చూపిస్తుంది, రెక్క పొడిగా బూడిదగా ఉంటుంది. రెక్క మీద రివెట్లు గీయకుండా, లోహగుణం తగ్గించి, గరుకుదనం పెంచి చూడండి, మీకే తేడా తెలుస్తుంది.

వాడకపు మరకలు

విమానం అంతటా ఒకే రకం మురికి బ్రష్ తిప్పేయడం నాకు అస్సలు నచ్చదు. ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలి. స్పిట్‌ఫైర్‌లో పైలట్ ఎక్కే చిన్న తలుపు ఎడమ పక్కనే ఉంటుంది, కాబట్టి బూట్ల అరుగుదల ఎడమ రెక్క మొదట్లోనే ఎక్కువ, కుడి పక్క అంత అరిగి ఉండదు. ఎగ్జాస్ట్ గొట్టాల నుంచి మసి బాడీ వెంట వెనక్కి పోతుంది, మొదట్లో ముదురుగా, తర్వాత పలచగా. తుపాకుల నోళ్లకు ఎర్ర గుడ్డ పట్టీలు అంటించేవాళ్లు, కాల్చిన తర్వాత అవి చిరిగిపోతాయి, కాబట్టి పట్టీలు చిరగకుండా పెట్టి రెక్క కింద తుపాకీ మసి దట్టంగా వేస్తే రెండూ పొసగవు. ఎగురుతున్నప్పుడు కారిన నూనె వెనక్కి సాగుతుంది, నేల మీద నిలబడి ఉన్నప్పుడు కారింది నిట్టనిలువుగా దిగుతుంది, ఇంజన్ కింద ఈ రెండూ కలిపి వేస్తే బాగుంటుంది. రడ్డర్ (తోక మీద పక్కలకు తిరిగే పలక) మీద గుడ్డ కప్పి ఉంటుంది, దాని మీద రివెట్లు, లోహపు గీతలు వేయకండి. ప్యానెల్ లైన్లు నల్లగా కాకుండా పక్క రంగు కన్నా కాస్త ముదురుగా ఉంటే చాలు.

ఒక ముక్క అంచు దాటి రంగును పదిహేను పిక్సెళ్ల దాకా బయటికి పోనివ్వండి, లేకపోతే దూరం నుంచి చూసినప్పుడు అతుకుల దగ్గర తెల్ల గీతలు కనిపిస్తాయి. పని మొత్తం లేయర్ల ఫైలులోనే ఉంచుకుని, చివర్లో డీడీఎస్‌గా ఎగుమతి చేసుకోండి, మిప్‌మ్యాప్‌లు (దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న కాపీలు) ఆన్ చేయడం మరిచిపోవద్దు. 4096 పిక్సెళ్ల చదరం షీట్ కంప్రెషన్ లేకుండా 64 మెగాబైట్లు తింటుంది, డీఎక్స్‌టీ5 రకం కంప్రెషన్‌లో 16, ఆల్ఫా అక్కర్లేకపోతే డీఎక్స్‌టీ1లో 8. నాలుగైదు షీట్లున్న విమానం మల్టీప్లేయర్‌లో పది కలిస్తే గ్రాఫిక్స్ కార్డు గతేమవుతుందో ఆలోచించి సైజు ఎంచుకోండి.

సొంత మోడల్ కట్టాలనుకుంటే

దీనికి ఎక్స్-ప్లేన్ నుంచి మొదలుపెట్టమంటాను, ప్లేన్ మేకర్ అనే టూల్ దానితోనే వస్తుంది, కనిపించే ఆకారం కోసం బ్లెండర్ ఉచితం. బ్లెండర్‌లో ముందు త్రీ-వ్యూ డ్రాయింగ్ పెట్టుకుంటారు కదా, దాన్ని నమ్మే ముందు స్కేలు సరిచూడండి. స్పిట్‌ఫైర్ 9 మామూలు రెక్కల పొడవు 36 అడుగుల 10 అంగుళాలు, అంటే 11.23 మీటర్లు. అంత పొడవు పెట్టె ఒకటి పెట్టి, పై చూపు, పక్క చూపు, ముందు చూపు మూడూ ఒకదానితో ఒకటి కలిసేదాకా డ్రాయింగ్‌ను సర్దండి. పాలిగన్లు (మోడల్‌ను కట్టే చిన్న పలకలు) బయటి గీత కనిపించే చోట ఖర్చు పెట్టండి: రెక్క చివర్లు, స్పిన్నర్, కానోపీ (పైలట్ మీది గాజు మూత). రివెట్లు, చిన్న హాచ్‌లు నార్మల్ మ్యాప్‌తో సరిపోతాయి.

కదిలే ప్రతి భాగానికీ తిరిగే అక్షం నిజమైన కీలు మీదే పెట్టాలి. స్పిట్‌ఫైర్ చక్రాల కాళ్లు బయటి వైపుకు ముడుచుకుంటాయి, ఆ కీలు విమానం పొడవుకు సరిగ్గా సమాంతరంగా ఉండదు. అందుకని కీలు దిశలోకి ఒక ఎంప్టీని (బ్లెండర్‌లో ఆకారం లేని గుర్తు) తిప్పిపెట్టి, కాలును దానికి పేరెంట్ చేసి, అంటే దానితో పాటే తిరిగేలా కట్టి, ఎంప్టీని ఒకే అక్షం మీద తిప్పండి. ల్యాండింగ్ గేర్ డేటారెఫ్ (ఎక్స్-ప్లేన్ లోపల ఆ భాగం స్థితి చెప్పే అంకె) విలువ 0 దగ్గర పైకి, 1 దగ్గర కిందికి కీఫ్రేమ్ పెడితే ఎక్స్-ప్లేన్ ఎగుమతి యాడ్-ఆన్ మిగతాది చూసుకుంటుంది. చక్రం రెక్క గూటిలో సరిగ్గా పడకపోతే కాలు పొడవు లాగకండి, కీలు కోణం చూడండి, తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

ప్లేన్ మేకర్‌లో మీరు ఇచ్చే ఆకారమే విమానాన్ని ఎగరేస్తుంది, ఎక్స్-ప్లేన్ రెక్కను చిన్న చిన్న ముక్కలుగా చేసి ప్రతి ముక్క మీద గాలి బలం లెక్కగడుతుంది. కాబట్టి దీర్ఘవృత్తాకారపు రెక్కను ఒకే ట్రెపీజియంగా ఇవ్వకుండా మూడు నాలుగు భాగాలుగా విడగొట్టండి, మొత్తం వైశాల్యం 242 చదరపు అడుగుల దగ్గరికి రావాలి. రెక్క మొదట్లో ఎయిర్‌ఫాయిల్, అంటే రెక్క అడ్డుకోత ఆకారం, నాకా 2213, చివరికి పోయేకొద్దీ పలచనవుతుంది. కోణం మొదట్లో ప్లస్ 2 డిగ్రీలు, చివర మైనస్ అర డిగ్రీ, ఈ రెండున్నర డిగ్రీల మెలిక వదిలేయకండి, రెక్క చివర కన్నా మొదలు ముందు స్టాల్ అయ్యి (పైకెత్తే బలం కోల్పోయి) పైలట్‌కు హెచ్చరిక అందేది దానివల్లే. ఇంజన్ మెర్లిన్ 66 అయితే గేర్ నిష్పత్తి 0.477, ఇంజన్ నిమిషానికి 3000 సార్లు తిరిగితే ప్రొపెల్లర్ సుమారు 1430 సార్లు తిరుగుతుంది. లోపలి ట్యాంకుల్లో 85 ఇంపీరియల్ గ్యాలన్ల ఇంధనం, అది పైలట్ ముందు ఉంటుంది.

తర్వాత ఎగరేసి చూడండి, కానీ ఉత్తినే తిప్పి "బాగుంది" అనుకోకండి. డేటా ఔట్‌పుట్ తెర మీద పెట్టుకుని ఒక్కో అంకె సరిచూడండి. మెర్లిన్ ఇంజన్‌తో టేకాఫ్‌లో ముక్కు ఎడమకు లాగాలి, కుడికి లాగుతుంటే ప్రొపెల్లర్ దిశ తప్పు పెట్టారు (గ్రిఫాన్ ఇంజన్ స్పిట్‌ఫైర్లలో అయితే కుడికి లాగడమే సరైనది). ఎల్ఎఫ్ 9కి (తక్కువ ఎత్తుల కోసం చేసిన మార్క్ 9 రకం) గరిష్ఠ వేగం 21,000 అడుగుల దగ్గర గంటకు 404 మైళ్లుగా లెక్క, మీది 450 పోతుంటే ఇంజన్ పవర్ తగ్గించే ముందు డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) చూడండి, రేడియేటర్లు, తోక చక్రం లాంటివి లెక్కలోకి వచ్చాయో లేదో చూడండి. పైకెక్కే వేగం సరిగ్గా ఉండి గరిష్ఠ వేగం మాత్రమే ఎక్కువుంటే తప్పు డ్రాగ్‌దే, రెండూ ఎక్కువుంటే పవర్‌ది. ఒకసారికి ఒక్క విలువే మార్చండి, మార్చింది ఒక నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి.

అందరికీ ఇచ్చేటప్పుడు

రీపెయింట్ అయితే మీ టెక్స్చర్లు, వాటికి కావలసిన చిన్న ఫైళ్లు మాత్రమే ప్యాక్ చేయండి. మోడల్, సౌండ్, గేజ్‌లు మూల రచయితవి, అవి ఉచితమే అయినా ఆయన అనుమతి లేకుండా జిప్‌లో కలపకూడదు. పెయింట్ కిట్‌తో వచ్చిన రీడ్‌మీ పూర్తిగా చదవండి, కొందరు మార్చిన షీట్లు పంచుకోనిస్తారు, కొందరు పేరు చెప్పమంటారు, కొందరు డబ్బుకు అమ్మొద్దంటారు. ఇంకొకరు గీసిన గుర్తు బొమ్మ (డెకాల్) వాడితే ఆ సంగతీ రాయండి.

మీ రీడ్‌మీలో విమానం సీరియల్ నంబరు, స్క్వాడ్రన్, ఏ నెలలో ఎలా ఉందో అలా వేశారన్న సంగతి, ఏ ఫొటోలు చూశారో రాయండి, కనిపించని పక్క ఊహించి వేసి ఉంటే అదీ రాయండి. ఏ మోడల్ ఏ వెర్షన్‌కు చేశారో తప్పకుండా ఉండాలి, మోడల్ అప్‌డేట్ అయి యూవీ మారితే మీ చారలు రెక్క మీద అడ్డదిడ్డంగా పడతాయి, అప్పుడు జనం ముందు వెతికేది ఆ వరసే. జిప్ చేశాక మీ కంప్యూటర్‌లో పాత లివరీ ఫోల్డర్ తీసేసి, ఆ జిప్ నుంచే కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఒకసారి చూడండి, ఏ ఫైలు మరిచిపోయారో అక్కడ బయటపడుతుంది.